బక్కమ్మ ఎత్తిన బంతి

రామన్నపేట,
9 ఆగస్టు 1987.

దిల్షాద్ ఆపాకు జాహేదా సలాం.

నీ కార్డు శుక్రవారం అందింది. పెళ్లయి మూడు నెలలకు రాసిన ఉత్తరంలో నాలుగే వాక్యాలు. అబ్బా నాతో రెండుసార్లు చదివించుకున్నారు. "గింతేనా? ఎనక ఏమన్న రాసిందా?" అని కార్డు తిప్పి చూశారు. వెనక మన అడ్రసు తప్ప ఏమీ లేదు. కార్డును కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల కింద పెట్టుకున్నారు. బక్రీదు రోజు అమ్మీ అలవాటు కొద్దీ నీ పళ్లెం కూడా వేసి, మళ్ళీ తీసేసింది. అక్కడ కడుపునిండా తింటున్నానని ఒక్క మాట రాయి, ఆమెకు అది చాలు.

అసలు సంగతి వేరే. మన బడి వాలీబాల్ టీంలో నీ జాగాలోకి నిర్మలమ్మ టీచర్ కొత్త లిఫ్టర్‌ను తీసుకున్నారు. పేరు బక్కమ్మ. పేరుకే బక్క, మనిషి బక్క కాదు. తొమ్మిదో తరగతి. మునిపంపుల నుంచి రోజూ నడిచి వస్తుంది. వాళ్ళ నాయిన అంజయ్య తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు.

ఆ పిల్ల బంతిని ఎత్తదు ఆపా, విదిలిస్తుంది. వేడి పెనానికి తగిలిన చేతిని ఎంత తొందరగా వెనక్కి తీసుకుంటామో, అంత తొందరగా. బంతి నెట్టు మీద జానెడు కూడా లేవదు. నెట్టు పక్కనుంచి జరజరా పోతుంది. నేను ఎగిరేసరికి అది నన్ను దాటి ఉంటుంది. ఈ వారమంతా నేను బంతిని కొట్టినదానికంటే గాలిని కొట్టిందే ఎక్కువ. వెనక వరసలో పుష్పమ్మ నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతుంది.

టీచర్‌తో చెప్పాను. "నువ్వు బంతి కోసం ఎదురు చూస్తున్నవు జాహేదా. ఆమె ఎత్తకముందే నువ్వు లేవాలె" అన్నారు. రాని బంతి కోసం ముందే ఎగరడమేమిటో నాకు అర్థం కాలేదు.

నెట్టు దగ్గర నువ్వు నిలబడే చోట నేల ఇంకా గుంటపడే ఉంది. వానలు లేవు కదా, పూడలేదు. బక్కమ్మ అందులో నిలబడదు. ఒక అడుగు ఇవతల నిలబడుతుంది.

ఈసారి పెద్ద ఉత్తరం రాయి.

నీ జాహేదా

*

ఆలంపూర్,
22 ఆగస్టు 1987.

జాహేదాకు, అక్క ఆశీస్సులు.

కడుపునిండా తింటున్నాను. అమ్మీకి ఈ మాట ముందు చదివి వినిపించు. మా అత్తమ్మ లాడ్లీ బేగం తను తినే ముందు నా పళ్లెంలో చూసే మనిషి. మీ బావ అహ్మద్ అలీ పొద్దున పోతే తుంగభద్ర ఒడ్డున రైతుల మోటార్లు బాగుచేసి పొద్దుగూకే వేళకు వస్తారు. మాటలు తక్కువ, మనసు మంచిది.

నీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించక తప్పలేదు. మనది తెలుగు బడి, నువ్వు రాసేది తెలుగు కాబట్టి నీ ఉత్తరం ఇంట్లో నేను, మీ బావ తప్ప ఎవరూ చదవలేరు. అయినా "ఏం రాసిందో చెప్పు" అని ఎదురుగా కూర్చుంది. "లిఫ్టర్ అంటే ఎవరు?" అంది. ఒకరు బంతిని నెట్టు పక్కన పైకి ఎత్తి పెడితే ఇంకొకరు ఎగిరి కొడతారని, ఎత్తి పెట్టేవాళ్ళు లిఫ్టర్ అని చెప్పాను. అర్థం కాలేదంది. ఉల్లిగడ్డ పైకి ఎగరేసి "మీరు కొట్టండి" అన్నాను. నిజంగానే కొట్టింది. అది పోయి నీళ్ళ కాగులో పడింది. "అంటే కొట్టినోళ్ళకు పేరొస్తది, ఎత్తినోళ్ళను ఎవ్వలు సూడరు. గంతే గదా?" అంది. ఆ ఆట గురించి అంత సరిగ్గా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇక ఆ పిల్ల సంగతి. నువ్వు రాసినదాన్నిబట్టి చూస్తే ఆమె బంతిని వేళ్ళ మీదికి రానివ్వడం లేదు. భయం. బంతి చేతిలో ఉంటే తప్పు చేస్తానేమోనని తొందరగా వదిలించుకుంటోంది. కొత్త లిఫ్టర్లందరికీ ఇది ఉంటుంది, నాకూ ఉండేది. ఆమెతో ఇలా చెప్పు: బంతి నుదుటి దాకా వచ్చేవరకు ఆగాలి. పది వేళ్ళు తగలాలి. మోకాళ్ళు వంచి లేస్తూ ఎత్తాలి. నెట్టు మీద రెండు మూరలు లేవాలి. నీకు ఆ ఎత్తు ఉంటేనే కుదురుతుంది, నాకు తెలుసు.

సాయంత్రం అయిదయితే బడి గంట కొట్టినట్టు అనిపిస్తుంది. ఇక్కడ ఆ వేళకు గుడి వైపు నుంచి బస్సులు తిరిగి పోతుంటాయి, మేకలు ఇళ్ళకు వస్తుంటాయి. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. గోధుమపిండి అవసరానికి మించి పిసుకుతున్నానని అత్తమ్మ అంటుంది.

ఆమె ఎంత ఎత్తు ఎత్తుతోందో, ఏ వేళ్ళతో ఎత్తుతోందో అన్నీ రాయి.

నీ కోసం రోజూ దారి చూసే
దిల్షాద్

*

రామన్నపేట,
14 సెప్టెంబరు 1987.

ఆపాకు సలాం. లాడ్లీ బేగం అత్తమ్మకు కూడా.

పీర్ల పండుగ అయిపోయింది. ఈసారి గుండం దగ్గర నిప్పు చిన్నది, జనం ఎక్కువ. అమ్మీకి మోకాలి నొప్పి తగ్గలేదు, ఫికర్ పడవద్దు.

నువ్వు చెప్పినవన్నీ బక్కమ్మకు చెప్పాను. మా ఆపా రాసిందని చెప్పాను. నిన్ను ఆమె పోయిన ఏడాది దసరా ముందు పోటీల్లో చూసిందట. "దిల్షాదక్క చెప్పిందా?" అని ఇంకేమీ అడగకుండా నేర్చుకోవడం మొదలుపెట్టింది. బడి కాగానే గోడకేసి వంద బంతులు. నుదుటి దాకా ఆగడం, పది వేళ్ళు, మోకాళ్ళు, అన్నీ నువ్వు చెప్పినట్టే. పది రోజులకు బంతి రెండు మూరలు లేచింది.

నిన్న చౌటుప్పల్ బడితో ఆడాం. ఓడిపోయాం. మొదటి ఆట 6-15, రెండోది 9-15. టీచర్‌కు బక్కమ్మ మీద చాలా కోపం వచ్చింది. బక్కమ్మ బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉంది. ఏడుస్తోందని అందరికీ తెలుసు.

నువ్వు ఉంటే ఇలా ఉండేది కాదు ఆపా.

జాహేదా

*

ఆలంపూర్,
30 సెప్టెంబరు 1987.

చెల్లికి,

ఈ పాటికి మన వీధిలో బతుకమ్మలు పేరుస్తుంటారు. ప్రమీలమ్మ ఇంటి ముందు పాట మొదలయిందా? ఇక్కడా ఆడుతున్నారు. నేను గడపలో నిలబడి విన్నాను. నాకు తెలిసిన పాటే, కానీ ఒక దగ్గర మలుపు వేరుగా ఉంది.

ఓడిన సంగతి చదివి రెండు రోజులు నాకు ఏమీ తోచలేదు. 6-15 అంటే అది ఓటమి కాదు, ఆడకపోవడం. నువ్వు ఆమెను వెనకేసుకొని రాస్తున్నావు, కానీ నాకు అర్థమైంది. చెప్పింది చెప్పినట్టు చేసి కూడా బంతి కుదరడం లేదంటే ఆ చేతిలో లిఫ్టర్ లేదు. కొందరి చేతులు అంతే. అది ఆమె తప్పు కాదు. ఆమెను వెనక వరసకు పంపాలి. పుష్పమ్మ వేళ్ళు పొడుగు, నెమ్మది ఉంది. నేను ఆమెకు ఎత్తడం కొంత నేర్పాను కూడా.

ఇందులో ఇంకో కాగితం పెట్టాను. అది నిర్మలమ్మ టీచర్‌కు. బక్కమ్మను మార్చి పుష్పమ్మను పెట్టమని, ఎందుకో వివరంగా రాశాను. టీచర్ నా మాట వింటారు. నువ్వు చదవకుండా ఇవ్వు. జిల్లా పోటీలకు ఇంకా నెల ఉంది, సమయం సరిపోతుంది.

ఇది నీ పదో తరగతి. ఇదే నీకు చివరి ఏడాది. నీ ఆట ఒకరి చేతకానితనం వల్ల ఎవరూ చూడకుండా పోవద్దు.

అత్తమ్మ రోజూ అడుగుతుంది: "గా పిల్ల బంతి ఎంత లేసిందట?" ఏం చెప్పాలో తెలియక, లేస్తోంది అంటున్నాను.

కాగితం ఇచ్చిన రోజే నాకు రాయి.

దిల్షాద్

*

ఆలంపూర్,
8 నవంబరు 1987.

జాహేదా,

అయిదు వారాలు. ఒక కార్డు కూడా లేదు. అమ్మీ ఆరోగ్యమేనని అబ్బా ఎవరితోనో రాయించారు కాబట్టి బతికే ఉన్నారని తెలిసింది.

మొన్న మీ బావ కర్నూలు పోయి, సామాను చుట్టిన పాత పేపరు తీసుకొచ్చారు. "మీ ఊరి పేరు ఉన్నది సూడు" అన్నారు. నల్గొండ జిల్లా బాలికల వాలీబాల్‌లో రామన్నపేట బడి గెలిచిందని నాలుగు లైన్లు. అందులో "లిఫ్టర్ బక్కమ్మ చక్కగా రాణించింది" అని ఉంది. తేదీ చూశాను. అక్టోబరు ఇరవై ఆరు.

గెలిచినందుకు సంతోషం. నిజంగానే సంతోషం. కానీ నా ఉత్తరం చదివి టీచర్ ఏమనుకున్నారో అని నాకు నిద్ర పట్టలేదు. పెళ్లి చేసుకొని పోయింది, ఇంకా ఇక్కడ పెత్తనం చేస్తోంది అని నవ్వి ఉంటారు. మీరంతా కలిసి చదివారా? ఆ బక్కమ్మ ముందు కూడా చదివారా? అందుకేనా నువ్వు రాయనిది?

నాకు మీరు గెలిచారన్న ఒక్క మాట రాయడానికి నీకు చేతులు రాలేదు. నేను పరాయిదాన్ని అయ్యానని నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. పాత పేపరు చెప్పింది.

దిల్షాద్

*

రామన్నపేట,
15 నవంబరు 1987.

మా ఆపాకు,

నీ ఉత్తరం పట్టుకొని బడి వెనక కూర్చొని చదివాను. ఇప్పుడు దాచకుండా రాస్తాను. కోపం వస్తే చివరిదాకా చదివాక తెచ్చుకో.

టీచర్‌కు నువ్వు రాసిన కాగితం నేను ఇవ్వలేదు. చదవవద్దన్నావు, చదివాను. అది నా లెక్కల పుస్తకంలో ఉంది. టీచర్ చూడలేదు, ఎవరూ నవ్వలేదు.

చౌటుప్పల్‌తో ఓడింది బక్కమ్మ వల్ల కాదు. నీకు అప్పుడు సగమే రాశాను. బంతి రెండు మూరలు లేచేసరికి అవతలివాళ్ళు ఇద్దరు ఇద్దరు వచ్చి నా ముందు చేతులు లేపి నిలబడ్డారు. వాళ్ళకు కావలసినంత సమయం దొరికింది. నేను కొట్టిన ప్రతి బంతీ వాళ్ళ అరచేతులకు తగిలి నా కాళ్ళ దగ్గరే పడింది. ఆట అయ్యాక టీచర్ బక్కమ్మను అడిగారు, "నీ ఆట నువ్వు ఆడక గిది ఎవలు చెప్పిండ్రు నీకు?" అని. నేను పక్కనే ఉన్నాను. బక్కమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే అనుకున్న టీచర్" అంది. దానికే తిట్లు పడ్డాయి. బోరింగు దగ్గర ఏడ్చింది అందుకు. ఎందుకు చెప్పలేదే అని అడిగితే, "దిల్షాదక్క మంచికే చెప్పింది గదా. ఆమె మాట పోవద్దు" అంది.

అలాంటి పిల్లను తీసేయమని రాసిన కాగితం ఎలా ఇవ్వను?

తర్వాత ఆమె పాత పద్ధతికే పోయింది. నేను మారాను. టీచర్ చెప్పినట్టు ఆమె చేతికి బంతి రాకముందే పరుగు మొదలుపెట్టి, ఆమె చేతిలో ఉండగానే ఎగరడం నేర్చుకున్నాను. మొదట్లో గుడ్డిగా దూకినట్టు ఉండేది. నాలుగో రోజు ఒక బంతి వచ్చి నా అరచేతిలో పడింది. అవతల ఒక్కరు కూడా కదలలేదు. జిల్లా పోటీల్లో అలాగే గెలిచాం.

గెలిచామని నీకు రాయాలంటే ఇదంతా రాయాలి. నువ్వు చెప్పింది తప్పయిందని రాయాలి. ఇన్‌లాండ్ లెటర్ తీసుకొని మూడుసార్లు కూర్చున్నాను. నువ్వు అంత దూరంలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదని రాశావు. ఎలా రాసేది?

నువ్వు పరాయిదానివి అన్న మాట ఇంకెప్పుడూ రాయకు. అబ్బాకు ఆ ఒక్కటీ చదివి వినిపించలేదు.

డిసెంబరు ఆరు, ఆదివారం మహబూబ్‌నగర్‌లో నాలుగు జిల్లాల పోటీలు. పొద్దున సెమీఫైనలు. గెలిస్తే సాయంత్రం ఫైనలు. మహబూబ్‌నగర్ నీకు దగ్గరే కదా.

జాహేదా

*

ఆలంపూర్,
8 డిసెంబరు 1987.

నా చిన్నారి జాహేదాకు,

వచ్చాను. నీకు తెలియదు.

నీ ఉత్తరం అత్తమ్మకు ఒక్క ముక్క దాచకుండా చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె కాసేపు తల గోక్కొని, "అయితే గా పిల్లను నేను సూడాలె" అంది. మీ బావ నవ్వి బస్సు ఎక్కించారు. తెల్లవారి బయలుదేరి, జడ్చర్లలో దిగి బస్సు మారి, పదింటికి స్టేడియం చేరాం. ఆడవాళ్ళ వైపు మూడో మెట్టు మీద కూర్చున్నాం. ఇద్దరం బుర్ఖాల్లో. "అరే బక్కమ్మా, సబాష్" అని ఒక ముసలామె అరుస్తుంటే నువ్వు ఒకసారి తిరిగి చూశావు. ఆమే మా అత్తమ్మ. పక్కన ఉన్నది నేను.

ఇప్పుడు ఆ పిల్ల గురించి చూసి రాస్తున్నాను, విని కాదు.

ఆమెకు భయం లేదు. నేను రాసిందంతా తప్పు. బంతి ఎటు పోతుందో ఆమె భుజాలు చెప్పవు, ముఖం చెప్పదు. పరుగెత్తేటప్పుడు కూడా బంతి కిందికి పోయి నిలబడుతుంది, అప్పుడే మణికట్టు తిప్పుతుంది. ఎదుటివాళ్ళు నీ ముందుకు వచ్చేసరికి నువ్వు కొట్టేసి నేల మీద ఉంటావు. మొదటి ఆటలో లెక్కపెట్టాను. నీకు పదకొండు బంతులిచ్చింది, ఏడు అవతల నేలకు తగిలాయి. నా చేతి మీద పదింటికి నాలుగు తగిలితే మనం గొప్ప అనుకునేవాళ్ళం. అంతేకాదు, నీకే ఇస్తుందని అందరూ అనుకున్నప్పుడు పుష్పమ్మకు ఇస్తుంది. నేను ఎప్పుడూ నీకే ఇచ్చేదాన్ని. అది ఆట కాదని మొన్న తెలిసింది.

ఒక్క లోపం ఉంది. తల వెనక్కి ఎత్తే బంతికి నడుము ముందుగానే వంచుతుంది. తెలివిగల టీం దాన్ని పట్టేస్తుంది. చెప్పు. నేను చెప్పానని కాదు, నువ్వు గమనించినట్టు చెప్పు.

ఆట అయ్యాక నల్లా దగ్గరికి పోయాను. బక్కమ్మ నీళ్ళు తాగుతోంది. నేనెవరో చెప్పలేదు. "మంచిగ ఆడినవు బిడ్డా, నీ చేతులు జర చూపియ్యి" అన్నాను. చూపించింది. వేళ్ళ చివర్లు గట్టిపడి ఉన్నాయి. ఆ చేతులు పట్టుకొని ఒక్కో వేలూ తడిమి చూశాను. అప్పుడే నువ్వు తువాలు భుజాన వేసుకొని, "బక్కీ, టీచర్ పిలుస్తున్నరు" అని నవ్వుతూ వచ్చావు. నాకు నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డావు. పొడుగయ్యావు. నేను పక్కకు జరిగాను.

పిలిచి ఉంటే ఇద్దరం ఏడ్చేవాళ్ళం. సాయంత్రం నీకు ఫైనలు. ఏడ్చిన కళ్ళతో ఆ జానెడు బంతి కనబడదు. అందుకే పిలవలేదు. అత్తమ్మ జడ్చర్ల దాకా నన్ను తిట్టింది. జడ్చర్ల దాటాక ఆమే ఏడ్చింది.

ఫైనలు ఏమయిందో రాయి. ఇంకొకటి అడుగుతాను. నన్ను ఓదార్చడానికి కాకుండా నిజం రాయి. కొట్టడానికి ఎవరి బంతి బాగుంటుంది, నాదా, ఆమెదా?

దిల్షాద్

*

రామన్నపేట,
23 డిసెంబరు 1987.

ఆపా,

నీ ఉత్తరం చదివి అమ్మీ దగ్గరికి పోయి పడుకున్నాను. నాలుగు అడుగుల దూరం అంటే మన వంటింటి వెడల్పు కూడా కాదు. నల్లా దగ్గర ఒక బుర్ఖా ఆమె నిలబడిన సంగతి నాకు గుర్తుంది. ఆమె చెప్పులు కూడా గుర్తున్నాయి. ముఖం ఎలా ఉండి ఉంటుందా అని రోజూ ఆలోచిస్తున్నాను.

ఫైనలు ఓడాం. మూడో ఆట 13-15. ఎవరూ ఏడవలేదు. రాష్ట్ర జట్టుకు మా బడి నుంచి ఒక్కరినే తీసుకున్నారు, బక్కమ్మను. నన్ను తీసుకోలేదు. ఎత్తు చాలదన్నారు. రెండు రోజులు బాధపడ్డాను, తర్వాత అబ్బా ఆమెకు కొత్త సల్వారు కమీజు కుడుతుంటే గుండీలు నేనే కుట్టాను. నడుము సంగతి చెప్పాను. "నువ్వెప్పుడు చూసినవు? నువ్వు గాల్ల ఉంటవు గదా" అంది. అప్పుడు నిజం చెప్పేశాను. తన చేతులు పట్టుకున్నది నువ్వేనని తెలిసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని చూసుకుంటూ కూర్చుంది.

నిన్న పొద్దున బస్సు ఎక్కింది. వాళ్ళ నాయిన అంజయ్య తువాలులో రొట్టెలు కట్టి ఇచ్చాడు. బస్సు కదిలాక దాని వెంట కొంత దూరం నడిచాడు. సాయంత్రం గ్రౌండుకు పోయాను. నెట్టు విప్పేశారు. నాకు ఇప్పుడు ఏ లిఫ్టరూ లేదు.

నువ్వు అడిగినదానికి అబద్ధం లేకుండా రాస్తున్నాను. కొట్టడానికి బక్కమ్మ బంతే బాగుంటుంది. చాలా బాగుంటుంది. అది వచ్చేటప్పుడు నాకు నా చెయ్యి తప్ప ఇంకేమీ తెలియదు.

నీ బంతి పైకి పోయి, అక్కడ కాసేపు ఆగి, తర్వాత దిగేది. అంతసేపు నాకు పని ఉండేది కాదు. అందరూ బంతిని చూసేవాళ్ళు, నేను నిన్ను చూసేదాన్ని. నువ్వు తల పైకెత్తి, కింది పెదవి కొరుక్కుంటూ, ఇది చెల్లికి అందుతుందా లేదా అని చూస్తుండేదానివి. బక్కమ్మ బంతికి అంత సమయం లేదు. ఎన్ని గెలిచినా ఆ ముఖం నాకు మళ్ళీ కనబడలేదు.

మార్చిలో పరీక్షలు కాగానే వస్తాను. అబ్బా సరే అన్నారు. అత్తమ్మకు చెప్పు. బస్సు దిగే చోట నువ్వు ముందుగా వచ్చి, నీ ముఖం కనబడేటట్టు నిలబడు. దూరం నుంచే చూడాలి నేను.

జాహేదా